పొరుగు సఖ్యత – పరాయి ఊళ్ళో వైద్యం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మొన్న మా ఎదురింటి వదినగారు హడావిడిగా వచ్చారు. ఆవిడ కూతురు లండన్‌లో ఉంటోంది. పురుటికి రమ్మని కబురు చేసింది. ఆవకాయ, గోంగూర పచ్చడి, ఇంగువ, శొంఠి, వాము, పసిబిడ్డకి పాత చీరల పొత్తిగుడ్డలు – అన్నీ సర్దుకున్నారట. "ఇంకేమన్నా మరిచిపోయానేమో కాస్త చూసిపెట్టండి" అంటూ ఓ చీటీ నా చేతిలో పెట్టారు. చీటీ పైనుంచి కిందిదాకా చదివాను. అందులో ముప్ఫై రెండు వస్తువులున్నాయి. ఆవిడకి అరవై దాటాయి, చక్కెర వ్యాధి. వారి శ్రీవారికి రక్తపోటు. ఆరు నెలల ప్రయాణం. ఇంతా చేసి, అక్కడ తమకి ఒంట్లో బాగులేకపోతే ఎవరు చూస్తారు, ఆ డబ్బు ఎవరు కడతారు అన్న సంగతి మాత్రం ఆ చీటీలో ఎక్కడా లేదు!

నవ్వకండి. 2019 జనవరిలో మేమూ అచ్చంగా అలాగే బయలుదేరాము. ఆ ఆరు నెలల్లో నేను చూసిందీ, పడిందీ, తరువాత చదివి తెలుసుకున్నదీ ఈ వేళ మీతో చెప్పుకుందామని వచ్చాను. ప్రభుత్వాల మధ్య ఒప్పందాలు, రాయబారాలు అనగానే 'అవి మగవాళ్ళు పేపర్లో చదువుకునే సంగతులు, మనకెందుకు?' అనుకుంటాం. కాని ఆ ఒప్పందాలు వచ్చి వచ్చి చివరికి ఆస్పత్రి మంచం దగ్గరే తేలతాయి. అక్కడ కూర్చుని రాత్రంతా మేలుకునేది మనమే కదా!

మా అమ్మాయి ఇల్లు ఇంగ్లండ్ దక్షిణాన ఓ చిన్న ఊళ్ళో ఉంది. పక్కింట్లో ఓ పెద్దావిడ, డెబ్భై ఏళ్ళు ఉంటాయేమో, ఒక్కర్తే ఉండేది. మనవడు పుట్టాక ఆవిడ కేకు చేసి పట్టుకొచ్చింది, నేను సున్నుండలు ఇచ్చాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా ఇద్దరు ఆడవాళ్ళకి దడి కివతలా అవతలా నిలబడి మాట్లాడుకోవడానికి భాష పెద్ద అడ్డు కాదు. నాలుగు రోజుల్లోనే కష్టసుఖాలు చెప్పుకునేదాకా వచ్చాము.

ఆవిడకి ఓ చెల్లెలు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మొగుడూ తనూ స్పెయిన్ దేశంలో అలికాంతే అనే సముద్రతీరపు ఊరికి వెళ్ళి స్థిరపడ్డారట. ఇంగ్లండ్ చలి, వాన భరించలేని ముసలివాళ్ళు ఎండ కోసం అలా వెళ్ళడం అక్కడ మామూలే. తరువాత మొగుడు పోయాడు. చెల్లెలికి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. సోమవారం, బుధవారం, శుక్రవారం. ఒక్క వారం ఆగినా ప్రాణం మీదికి వస్తుంది.

అంతవరకూ ఆ వైద్యానికి ఆవిడ చేతి డబ్బు పెట్టే అవసరం రాలేదు. ఎలాగంటారా? అదే అసలు సంగతి.

బ్రిటన్‌లో ఎన్.హెచ్.ఎస్. అని జాతీయ వైద్య సేవా సంస్థ ఉంది. 1948 జూలై 5న మొదలైంది. జనం కట్టే పన్నులతో నడుస్తుంది. అక్కడ నివాసమున్నవాళ్ళకి వైద్యం దాదాపు ఉచితం. స్పెయిన్‌లోనూ ప్రభుత్వ వైద్యం ఇంచుమించు ఇలాంటిదే. బ్రిటన్ 1973లో ఐరోపా దేశాల కూటమిలో చేరింది. ఆ కూటమిలోని ప్రభుత్వాలు ఓ కట్టుబాటు చేసుకున్నాయి. మన ఇళ్ళల్లో చెప్పుకునేట్టు చెప్పాలంటే – "మా పిల్లవాడు మీ ఇంటికొచ్చినప్పుడు ఆకలేస్తే అన్నం పెట్టండి. మీ పిల్లవాడు మా ఇంటికొస్తే మేమూ పెడతాం. లెక్క మనం మనం చూసుకుందాం, పిల్లవాణ్ణి మాత్రం గుమ్మంలో నిలబెట్టి డబ్బులడగొద్దు" – ఇదన్నమాట!

ఈ కట్టుబాటులో ముఖ్యమైనవి రెండు. ఒకటి, నాలుగు రోజులు చుట్టపుచూపుగానో, విహారానికో పక్కదేశం వెళ్ళినవాళ్ళ సంగతి. వాళ్ళకి 2004 నుంచి ఓ నీలం రంగు కార్డు వచ్చింది. ఐరోపా ఆరోగ్య బీమా కార్డు అంటారు. అనుకోకుండా జబ్బు చేస్తే ఆ కార్డు చూపించి, ఆ దేశపు ప్రజలకి జరిగినట్టే ప్రభుత్వాస్పత్రిలో వైద్యం చేయించుకోవచ్చు. రెండోది, పింఛను పుచ్చుకుని పొరుగు దేశంలో కాపురం పెట్టినవాళ్ళ సంగతి. వాళ్ళకి ఎస్-1 అని ఓ ఫారం ఉంది. పింఛను ఏ దేశం ఇస్తుందో వైద్యం ఖర్చు కూడా ఆ దేశమే భరించాలని సూత్రం. బ్రిటన్ ఆ ఫారం ఇస్తుంది, ఆ మనిషి దాన్ని స్పెయిన్‌లో నమోదు చేయించుకుంటుంది, అంతే. ఆపైన స్పెయిన్ ఆవిడని తన మనిషిలాగే చూసుకుంటుంది. తలకి సగటున ఇంత ఖర్చని లెక్క వేసి బ్రిటన్‌కి పంపుతుంది. బ్రిటన్ కడుతుంది.

ఇలా ఐరోపాలో ఉన్న బ్రిటిష్ పింఛనుదార్లు సుమారు 1 లక్షా 90 వేల మంది అని ఆ రోజుల్లో లెక్క చెప్పేవారు. వాళ్ళలో సుమారు 70 వేల మంది ఒక్క స్పెయిన్‌లోనే ఉన్నారు. పక్కింటావిడ చెల్లెలు ఆ 70 వేలల్లో ఒకతె.

ఇంతలో ఏమైంది? 2016 జూన్ 23న బ్రిటన్ ప్రజలు ఓట్లు వేసి కూటమి నుంచి విడిపోవాలని నిర్ణయించుకున్నారు. నూటికి ఇంచుమించు 52 మంది విడిపోదామన్నారు, 48 మంది ఉందామన్నారు. అది వాళ్ళ ఇష్టం, వాళ్ళ రాజకీయం. మంచిచెడ్డలు తేల్చడానికి నేనెవర్ని? కాని ఉమ్మడి కుటుంబం వేరుపడేటప్పుడు ఏం జరుగుతుందో మనకి తెలియనిది కాదు. పొలాలూ, గిన్నెలూ, గదులూ పంచుకునే పెద్దల గొడవలో, మూలగదిలో మంచాన ఉన్న మేనత్తకి రేపటినుంచి ఎవరు గంజి కాస్తారన్నది ఎవ్వరికీ గుర్తు రాదు. ఆవిడ మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని అన్నీ వింటూనే ఉంటుంది.

విడిపోయే ముహూర్తం 2019 మార్చి 29 రాత్రి పదకొండు గంటలకని పెట్టారు. మార్చి నెల వచ్చేసింది. ఒప్పందం కుదరలేదు. ఒప్పందం లేకుండానే విడిపోతే ఎస్-1 ఫారం ఆ రాత్రితో చిత్తుకాగితమే! పక్కింటావిడ రోజూ సాయంత్రం టీవీ ముందు కూర్చునేది. పార్లమెంటులో ఎవరెవరో అరుచుకునేవారు. వాణిజ్యమనీ, చేపలవేటలనీ, సుంకాలనీ మాట్లాడేవారు. ఆవిడ ఒకరోజు దడి దగ్గర నిలబడి నన్నడిగింది – "29 శుక్రవారం. ఆ రోజు మా చెల్లెలికి డయాలిసిస్ జరుగుతుంది. మళ్ళీ సోమవారం జరుగుతుందా?"

నేనేం చెప్పను? ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

చెల్లెల్ని ఇంగ్లండ్ తీసుకొచ్చేద్దామా అని కూడా ఆలోచించింది పాపం. ఇల్లు అమ్మాలి. అందరూ భయపడి అమ్ముతుంటే కొనేవాడేడీ? వచ్చినా ఈవిడ ఇంట్లో మేడమీద ఒకటే పడకగది, చెల్లెలు మెట్లెక్కలేదు. డయాలిసిస్‌కి ఇక్కడ చోటు దొరకాలి. చెప్పుకుంటే చిన్న సంగతుల్లాగే ఉంటాయి. కాని ఒక ముసలి ప్రాణానికి అవన్నీ కలిసి కొండంత.

అయితే ఒక్కటి చెప్పాలి. పైన పెద్దలు ఎంత కొట్లాడుకుంటున్నా, కింద రెండు దేశాల ప్రభుత్వాలూ ఈ రోగుల సంగతి బొత్తిగా మరిచిపోలేదు. 2019 మార్చి 1న స్పెయిన్ ప్రభుత్వం ఓ అత్యవసర శాసనం తెచ్చింది. ఒప్పందం లేకుండా విడిపోయినాసరే, బ్రిటన్ మా వాళ్ళని చూసినంత కాలం మేమూ వాళ్ళ వాళ్ళని 21 నెలలపాటు ఇప్పటిలాగే చూస్తామని అందులో రాసింది. అదే నెల 26న బ్రిటన్ కూడా అలాంటి ఏర్పాట్లకి డబ్బు చెల్లించేందుకు తన ప్రభుత్వానికి అధికారమిస్తూ చట్టం చేసింది. ఆ మాట విన్ననాడు పక్కింటావిడ నాకు ఫోను చెయ్యలేదు, వచ్చి తలుపు కొట్టింది. చేతిలో మళ్ళీ కేకు!

తీరా చూస్తే ఆ ముహూర్తమే వాయిదా పడింది. మార్చి 29 కాస్తా ఏప్రిల్ 12 అయింది, తరువాత అక్టోబరు 31 అయింది, చివరికి 2020 జనవరి 31న విడిపోయారు. అప్పటికి విడాకుల ఒప్పందం కుదిరింది. 2020 డిసెంబరు 31లోపల చట్టప్రకారం అక్కడ నివాసముంటున్న పింఛనుదార్ల వైద్యం హక్కు, వాళ్ళు అక్కడ ఉన్నంతకాలం, అలాగే ఉంటుందని అందులో రాసుకున్నారు. 2020 డిసెంబరు 24న, అంటే క్రిస్మస్ ముందురోజున, మరో పెద్ద ఒప్పందం కుదిరింది. ఆ తరువాత వెళ్ళేవాళ్ళకి కూడా పింఛనుదార్ల ఫారం, ప్రయాణీకుల కార్డు రెండూ దాని ప్రకారం కొనసాగుతున్నాయి. అయితే ఆ ఏర్పాటుకి 15 ఏళ్ళ గడువుంది. గడువు తీరేలోగా మళ్ళీ మాట్లాడుకోవాలి.

ఇందులో దెబ్బతిన్నవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. పింఛను వయసు రాకముందే ఉద్యోగం మానేసి స్పెయిన్ వెళ్ళినవాళ్ళకి ఆ ఫారం రాదు. అలాంటివాళ్ళు స్పెయిన్‌లో ఏడాదిపాటు నమోదై ఉంటే డబ్బు కట్టి ప్రభుత్వ వైద్యంలో చేరే పథకం ఒకటుంది. 2013లో పెట్టినప్పుడు 65 ఏళ్ళలోపు వాళ్ళకి నెలకి 60 యూరోలు, ఆ పైన వాళ్ళకి 157 యూరోలు అని రేటు పెట్టారు. ఇంక 'ఎవరడుగుతార్లే' అనుకుని ఏళ్ళ తరబడి పేరు నమోదు చేయించుకోకుండా కాలక్షేపం చేసినవాళ్ళ అవస్థ చెప్పనక్కర్లేదు. హక్కు ఉంది, కాని అది రుజువు చేసే కాగితం లేదు! ప్రభుత్వాలు ఎంత సఖ్యంగా ఉన్నా, కాగితం పెట్టెలో లేనిదే ఆ సఖ్యత మన మంచం దాకా రాదమ్మా.

ఇక్కడిదాకా పక్కింటి కథ. ఇప్పుడు మా ఇంటి కథ వినండి. చెప్పుకోవాలంటే నాకు సిగ్గే. కాని మీలో ఒక్కరికి పనికొచ్చినా చాలు.

ఏప్రిల్ నెలాఖరున ఓ తెల్లవారుజామున మావారికి గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు పది నిమిషాల్లో వచ్చింది. ఆస్పత్రిలో ఎంతో శ్రద్ధగా చూశారు, ఆ మాట చెప్పకపోతే పాపం. రక్తనాళంలో అడ్డు ఉందని స్టెంటు వేశారు. నాలుగు రోజులుంచుకున్నారు. ఆ వార్డులో ఓ నర్సు కేరళ అమ్మాయి. 'అమ్మా' అని పిలిచి ధైర్యం చెప్పింది.

మావారి పక్క మంచం మీద స్పెయిన్ నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఉన్నాడు. కొడుకుని చూడ్డానికి వారం రోజులకని వచ్చాడట. ఆయనకీ గుండెనొప్పే, ఆయనకీ స్టెంటే. మూడోరోజున ఆఫీసు నుంచి ఒకావిడ కాగితాలు పట్టుకుని వచ్చింది. ముందు ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయన పర్సులోంచి నీలం కార్డు తీసి చూపించాడు. ఆవిడ నంబరు రాసుకుని, నవ్వి, మా దగ్గరికి వచ్చింది. మాతో కూడా మర్యాదగానే మాట్లాడింది. కాని మా చేతిలో కార్డు లేదు. మాకు బిల్లు వచ్చింది. ఎనిమిది వేల పౌండ్ల పైచిలుకు. అప్పటి మన డబ్బులో ఏడు లక్షలు దాటింది.

అదే వార్డు, అదే డాక్టరు, అదే మందు. మధ్యన ఓ తెర. ఆ తెరకటు ఉన్నాయనకి రెండు ప్రభుత్వాల మాట ఉంది. ఇటు ఉన్న మాకు లేదు.

అక్కడి నియమమేమిటంటే – ఇంగ్లండ్‌లో అత్యవసర విభాగంలో చూసినందుకు ఎవరిదగ్గరా డబ్బు తీసుకోరు. కాని వార్డులో చేర్చుకున్నాక, ఒప్పందం లేని దేశాల నుంచి చూడవచ్చినవాళ్ళ దగ్గర మామూలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. ప్రాణం మీదికి వచ్చిన వైద్యం మాత్రం డబ్బు లేదని ఆపరు. చేసేసి, తరువాత బిల్లు ఇస్తారు. 500 పౌండ్లు, ఆ పైన బాకీ రెండు నెలలు దాటినా కట్టకపోతే వీసాలిచ్చే శాఖకి చెపుతారు. మళ్ళీ వీసాకి పెట్టుకున్నప్పుడు ఆ బాకీ అడ్డొస్తుంది. అంటే మనవణ్ణి మళ్ళీ చూడాలంటే ముందు ఆ అప్పు తీరాలి!

మరి మీరు ప్రయాణపు బీమా చేయించుకోలేదా అంటారేమో. చేయించుకున్నాం! ఆ ఫారంలో 'ఇంతకుముందు జబ్బులేమైనా ఉన్నాయా?' అన్నచోట 'లేవు' అని రాశారు. రాసింది ఏజెంటు, సంతకం మావారిది. ఆయనకి పదేళ్ళుగా రక్తపోటుకి మాత్రలున్నాయి. "బి.పి. ఎవరికి లేదు? అది కూడా ఓ జబ్బేనా? రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అన్నారాయన. నేనూ పక్కనే ఉన్నాను, ఊరుకున్నాను. ఆస్పత్రివాళ్ళ రికార్డులో ఆ మాత్రల పేర్లు ఉండనే ఉన్నాయి. బీమా కంపెనీ వాళ్ళు అవి చూసి, దాచారు కనుక ఇవ్వం అన్నారు. తప్పు మాదే, ఎవర్ని అని ఏం లాభం?

ఆ డబ్బు అల్లుడు వాయిదాలు పెట్టించుకుని కట్టాడు. ఒక్క మాట అనలేదు. అతను అనకపోవడమే మాకు ఎక్కువ బాధ. ఇల్లు కొనుక్కోవడానికి వాళ్ళు దాచుకుంటున్న సొమ్ము అది. పురుడు పోసి పుణ్యం కట్టుకుందామని వెళ్ళి, బాకీ పెట్టి వచ్చాం. తిరిగొచ్చాక మావారు బ్యాంకులో ఉన్నది తీసి కొంత పంపారు. మా అమ్మాయి పుచ్చుకోనని ఏడిచింది.

సరే. తిరిగొచ్చాక నేను ఈ విషయం మీద కాస్త చదివాను. 'ఆ దేశాలకి ఉన్న ఒప్పందం మనకెందుకు లేదు?' అన్న ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇచ్చిపుచ్చుకోవడానికి రెండు వైపులా సమానంగా ఏదో ఉండాలి. ఆ దేశాల్లో రెండు పక్కలా పన్నులతోనో, తప్పనిసరి చందాలతోనో నడిచే వైద్యం ఉంది. రెండు పక్కలా జనం రాకపోకలున్నాయి. లెక్క రాసుకోవడానికి వీలుంది. మన దగ్గర చాలామంది ఆస్పత్రి ఖర్చు చేతి నుంచే పెట్టుకుంటాం. ఎవరి లెక్క ఎవరు ఎవరికి పంపాలి? అందుకని పొత్తు కుదరడం కష్టం. ఇది ఒకరి మీద ఒకరికి ప్రేమా, ద్వేషమా అన్న ప్రశ్న కాదు.

కాని ఇంకో సంగతి కూడా తెలుసుకున్నాను. మనసుంటే ప్రభుత్వాలు ఎంత దూరమైనా వస్తాయి. ఐర్లాండ్ సంగతి చూడండి. ఆ దీవిలో ఉత్తరపు ముక్క బ్రిటన్‌ది, మిగతాది వేరే దేశం. ముప్ఫై ఏళ్ళు బాంబులు పేల్చుకుని, వేలమంది పోయాక, 1998 ఏప్రిల్ 10న శాంతి ఒప్పందం చేసుకున్నారు. ఐర్లాండ్ దేశంలో డానిగాల్ అని వాయవ్య మూలన ఓ జిల్లా ఉంది. అక్కడివాళ్ళకి క్యాన్సర్ వస్తే, రేడియేషన్ కోసం ఏ 230 కిలోమీటర్లో ప్రయాణం చేసి రాజధాని డబ్లిన్‌కో, మరో దూరపు ఊరికో పోవలసి వచ్చేది. సరిహద్దుకి అవతల, అరగంట, ముప్పావుగంట దూరంలో డెర్రీ పట్నం ఉంది. 2016లో అక్కడ క్యాన్సర్ కేంద్రం తెరిచారు. కట్టడానికి ఐర్లాండ్ ప్రభుత్వం కూడా డబ్బిచ్చింది. ఇప్పుడు డానిగాల్ రోగులు అక్కడికే వెళతారు. గుండెపోటు వచ్చినవాళ్ళని కూడా సరిహద్దు దాటించి అక్కడికే తీసుకెళ్ళే ఏర్పాటుంది. ఇటు ఉత్తరాన పుట్టిన పిల్లలకి గుండె ఆపరేషన్ కావలసి వస్తే డబ్లిన్ తీసుకెళతారు. నిన్న తుపాకులు పట్టుకుని కాపలా కాసిన రోడ్డు మీదే ఇవాళ అంబులెన్సులు తిరుగుతున్నాయి. బ్రిటన్ కూటమి వదిలిపెట్టినా, ఈ రెండు ప్రభుత్వాలూ 2020 డిసెంబరులో వైద్యం గురించి విడిగా కాగితం రాసుకుని ఈ సదుపాయాలు చెడకుండా చూసుకున్నాయి.

ఇంకొకటి. ఫ్రాన్సుకీ, స్పెయిన్‌కీ మధ్య పిరనీస్ పర్వతాల్లో సెర్దాన్య అనే లోయ ఉంది. చలికాలంలో మంచు పడితే ఫ్రాన్సు వైపు పల్లెలవాళ్ళు తమ పెద్దాస్పత్రికి చేరడం గగనం. ఇద్దరూ కలిసి స్పెయిన్ వైపున్న పుచ్‌సెర్దా ఊళ్ళో ఉమ్మడి ఆస్పత్రి కట్టుకున్నారు. 2014లో తెరిచారు. చెప్పడానికి సులువే. కాని ఫ్రాన్సు తల్లి స్పెయిన్ గడ్డ మీద కంటే ఆ బిడ్డ పుట్టుక ఎక్కడ నమోదు చెయ్యాలి? రోగి పోతే భౌతికకాయాన్ని సరిహద్దు ఎలా దాటించాలి? డాక్టరు ఏ భాషలో చీటీ రాయాలి? ఇవన్నీ కూర్చుని మాట్లాడుకోవలసి వచ్చింది. దౌత్యమంటే పెద్ద పెద్ద హాళ్ళల్లో కరచాలనాలే కాదు. పురిటిబిడ్డ పేరు ఏ పుస్తకంలో రాయాలన్నది కూడా దౌత్యమే.

ఇక మనవాళ్ళ సంగతి. బ్రిటన్‌లో ఉద్యోగానికో, చదువుకో ఆరు నెలలు మించిన వీసా మీద వెళ్ళే మన పిల్లలకి, వీసాతోపాటే ఆరోగ్య సర్‌చార్జి అని కట్టించుకుంటారు. 2015లో మొదలైనప్పుడు ఏడాదికి 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరి నుంచి 1,035 పౌండ్లు చేశారు. విద్యార్థులకీ, 18 ఏళ్ళలోపు వాళ్ళకీ 776. అది కడితే అక్కడివాళ్ళలాగే వైద్యం దొరుకుతుంది. డాక్టర్లుగా, నర్సులుగా ఆరోగ్య వీసా మీద వెళ్ళినవాళ్ళకి మాత్రం 2020 నుంచి ఆ సర్‌చార్జి లేదు. ఈ ఏర్పాటు పిల్లలకే గాని, చూడ్డానికి వెళ్ళే తల్లిదండ్రులకి కాదు. ఇది బాగా గుర్తుంచుకోండి. 'మా అబ్బాయి అక్కడ పన్ను కడుతున్నాడుగా' అన్నది మనకి పనికిరాదు.

గల్ఫ్ దేశాలకి వెళ్ళేవాళ్ళ సంగతి మరోరకం. కరీంనగర్, నిజామాబాదు వైపు నుంచి మగవాళ్ళు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి ఆడవాళ్ళు ఎందరో వెళుతున్నారు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి చెల్లెలో, వదినో వాళ్ళల్లో ఉండవచ్చు. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన పాస్‌పోర్టు మీద వెళ్ళేవాళ్ళకి మన ప్రభుత్వం 2003లో ప్రవాసీ భారతీయ బీమా యోజన అని పెట్టింది. 2017లో సవరించినప్పుడు రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375 రూపాయలు ప్రీమియం పెట్టారు. ప్రమాదంలో ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలిస్తారు. దొంగదారిన, చూడ్డానికిచ్చే వీసా మీద పనికి పోయేవాళ్ళకి ఇది ఉండదు. ఏజెంటు 'అదంతా దండగ' అంటే నమ్మవద్దని, మీ మాట వినేవాళ్ళకి మీరు చెప్పండి.

పురుళ్ళకీ, మనవల్ని చూసుకోవడానికీ వెళ్ళే మనలాంటివాళ్ళు చెయ్యవలసినవి నాలుగు మాటల్లో చెపుతాను.

బీమా ఫారం మీరే దగ్గర కూర్చుని చదివించుకోండి. చక్కెర, రక్తపోటు, ఆస్త్మా, పాత ఆపరేషన్లు – ఉన్నది ఉన్నట్టు రాయించండి. ప్రీమియం ఎక్కువైనా సరే, ఆ జబ్బులకి కూడా వర్తించే పాలసీ తీసుకోండి. దాచిన జబ్బు కన్నా దాచని జబ్బే చవక.

వాడే మందులు, డాక్టరు చీటీ, పాత రిపోర్టులు చేతిసంచీలోనే పెట్టుకోండి. మందు కంపెనీ పేరే కాక అసలు మందు పేరు కూడా డాక్టరు చేత రాయించుకోండి. మన కంపెనీ పేర్లు అక్కడ తెలియవు.

పాలసీ నంబరు, ఫోను నంబరు ఓ కాగితం మీద రాసి పిల్లల వంటింట్లో గోడకి అంటించండి. ఆస్పత్రిలో చేరాల్సి వస్తే వెంటనే వాళ్ళకి తెలియపరచాలి.

ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. బిల్లు భయంతో నొప్పి దాచుకోకండి. మావారు ఆ రాత్రి రెండు గంటలపాటు 'గ్యాసేలే' అంటూ నన్ను లేపలేదట. ఇంకో గంట అలాగే ఉండి ఉంటే ఈ వేళ నేనిలా మీతో మాట్లాడగలిగేదాన్ని కాను. డబ్బు పోతే మళ్ళీ కూడబెట్టుకోవచ్చు.

2021 జనవరిలో పక్కింటావిడ దగ్గర్నుంచి ఓ గ్రీటింగు కార్డు వచ్చింది. లోపల నాలుగే వాక్యాలు. పాపడు ఎలా ఉన్నాడని అడిగింది. మావారి గుండె ఎలా ఉందని అడిగింది. చెల్లెలికి స్పెయిన్‌వాళ్ళు కొత్త నివాసపు కార్డు ఇచ్చారని రాసింది. చివర్న – 'సోమ, బుధ, శుక్రవారాలు మామూలే' అని రాసింది.

ఆ 'మామూలే' అన్న మాట కోసం ఎంతమంది ఎన్ని రాత్రులు కూర్చుని ఎన్ని కాగితాలు రాసుకున్నారో! ఏ దేశం గెలిచిందో, ఏ దేశం ఓడిందో నాకు తెలియదు. ఓ పెద్దావిడ మాత్రం సోమవారం ఉదయం ఎప్పటిలాగే ఆస్పత్రికి వెళ్ళివచ్చింది. నాకు తెలిసిన దౌత్యం ఇంతే.

ఇంతకీ మా ఎదురింటి వదినగారి చీటీ సంగతి మరిచాను. కలం తీసుకుని చివర్న ముప్ఫై మూడోది నేనే రాసిచ్చాను – 'నిజం రాసిన బీమా' అని. ఆవిడ చదివి, "అయితే ఇంగువ కాస్త తగ్గించి ఆ కాగితాలకి చోటు చేస్తా లెండి" అన్నారు.

మీరూ చోటు చెయ్యండి.